ఏడిపించే మనిషి

ఆ శనివారం కూడా సుజి ఏడుస్తూనే క్లాసులోకి వచ్చింది.

"మళ్లీ ఆ ముసలమ్మేనా?" అని అడిగింది రోజలిన్ టీచర్.

మూడో తరగతి పిల్ల తలూపింది.

"ఏమంటోంది నిన్ను?"

"ఏటీ అన్లేదు టీచర్."

టీచరుకి ఒళ్లు మండిపోయింది.

రోజలిన్ టీచర్ చెడ్డమనిషేం కాదు. పిల్లలంటే ప్రాణం. సుజి అంటే మరీను. ఆ పిల్ల తల్లి వేసవిలో విశాఖ ఆసుపత్రిలో పోయింది.

"దాని ముందు వాళ్లమ్మ మాట ఎత్తకండి టీచర్. నెమ్మదిగా మర్చిపోద్ది" అని బడి తెరిచిన రోజే తండ్రి క్రాంతికుమార్ బతిమాలాడు. ఇంట్లో ఫొటో కూడా తీసేశాడట.

టీచరు ఆ మాటని తు.చ. తప్పకుండా పాటించింది. వాచకంలో అమ్మ పాఠాన్ని కూడా దాటేసింది.

ఇంత జాగ్రత్తగా చూసుకుంటుంటే ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఈ ముసలమ్మ! అనకాపల్లి బడుల్లో మధ్యాహ్న భోజనం కొత్తగా పెట్టిన రోజులవి. శనివారం భోజనాల వేళకి గేటు దగ్గర తయారు. సుజిని పక్కన కూర్చోబెట్టుకుని చెవిలో ఏదో చెప్పేది. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చేది.

టీచరు విసవిసా గేటు దగ్గరికి నడిచింది. ముసలమ్మ ఇంకా అక్కడే గోడ పట్టుకుని ఆయాసపడుతోంది.

"ఎవరు నువ్వు?"

"బుల్లమ్మనమ్మా. మాది రోలుగుంట. ఎర్రయ్య తల్లినంటే ఎవులైనా సెప్తారు."

"సుజికి ఏమవుతావు?"

"ఏటీ అవనమ్మా. ఆళ్లమ్మ..."

"వాళ్లమ్మ మాట ఎత్తావంటే ఊరుకోను! పసిపిల్లని ఏడిపించడానికి అంత దూరం నుంచి వస్తావా? మళ్లీ కనిపిస్తే పోలీసులకి చెప్తాను."

బుల్లమ్మ ఇంకేదో అనబోయింది. టీచరు గేటు వేసేసింది.

తర్వాతి శనివారం ముసలమ్మ రాలేదు. సుజి ఏడవలేదు.

"చూశారా, పిల్ల ఎంత కుదుటపడిందో!" అని టీచరు తోటివాళ్లతో సంతోషంగా చెప్పుకుంది.

కుదుటపడటం కాదది. శనివారం వస్తే సుజి కంచం పట్టుకుని గేటు దగ్గర కూర్చునేది. అన్నం ముట్టకుండా తిరిగి తెచ్చేది. కొన్నాళ్లకి ఆటలు మానేసింది. హాజరు పిలిస్తే పలకడం కూడా మానేసింది.

దసరా సెలవుల ముందు టీచరు ఆ పిల్లని దగ్గరికి తీసుకుంది.

"ఏమైంది తల్లీ? ఏడుపొస్తే ఏడువమ్మా, నేనేమీ అనను."

"రావట్లేదు టీచర్. బుల్లమ్మ మామ్మ దగ్గరే వత్తాది."

టీచరుకి తప్పు చేశానేమోనని మొదటిసారి భయం వేసింది.

సెలవులిచ్చిన మర్నాడే రోలుగుంట బస్సెక్కింది.

ఎర్రయ్య చెరకు తోటలోంచి వచ్చాడు. అతని గుండు చూసి జంకుతూనే బుల్లమ్మ గురించి అడిగింది టీచరు.

"మాయమ్మా? పోనాదమ్మా. మొన్ననే పెద్దకార్యం సేసేం. డాట్రు కదలొద్దన్నా ఇనకుండా బస్సెక్కి మీ ఊరొచ్చేది. ఆ ఆఖరిపాలి వచ్చేక మరి మంచం దిగనేదు."

టీచరు అక్కడే అరుగు మీద కూలబడింది.

"సుజికి ఏమీ కానన్నారు. మరి ఎందుకొచ్చేవారు బాబూ?"

"నిజమేనమ్మా, ఏటీ కాదు" అన్నాడు ఎర్రయ్య.

"ఆసుపత్రిలో ఆ పాప తల్లిది మాయమ్మ పక్క మంచం. ఆయమ్మ పోయేముందు బిడ్డకి సెప్పమని అప్పజెప్పిన మాటలన్నీ ఒక్కపాలే సెప్పేత్తే అయిపోతాయని, వారానికోటి సెప్పొచ్చేది... ఇంకా సానా మిగిలిపోనాయని ఏడుత్తానే పోనాది."