నాలుగో గీత

కలిదిండి చెరువు గట్టు మీది షెడ్డులో ఫణీంద్ర కొత్త వైఫై రూటరు బిగించేసరికి చీకటి పడింది. స్పీడు అదిరిపోవాలని ఛానెల్ వెడల్పు నలభై మెగాహెర్ట్జ్ పెట్టాడు. రొయ్యల రైతు జగ్గారావు పాత కెమెరా మాత్రం కనెక్ట్ కానని మొరాయించింది.

"కెమెరా లేకపోతే రాత్రి నీళ్లకి గాలి పట్టే ఏరియేటర్లు ఆగినా తెలీదయ్యా. తెల్లారేసరికి రొయ్యలన్నీ పోతాయి," అన్నాడు జగ్గారావు.

"కంగారు పడకండి. పాతవాటికి అంత వెడల్పు పడదండీ," అని ఫణీంద్ర నవ్వుతూ ఇరవైకి తగ్గించాడు. "పాత రూటరు పేరూ పాస్‌వర్డూ అలాగే ఉంచాను. అప్పట్లో కలిసినవన్నీ వాటంతటవే వచ్చేస్తాయి."

కెమెరా వచ్చింది. జగ్గారావు చప్పట్లు కొట్టాడు. అంతలో ఫణీంద్ర లాప్‌టాప్‌లో, రూటరుకి కలిసినవాటి జాబితాలో కెమెరా కింద ఇంకో పేరు చేరింది. జగ్గారావు పాత ఫోను.

"ఓర్నీ! నిరుడు మేత చల్లుతుంటే చెరువులో పడిపోయిందయ్యా అది!" జగ్గారావు పగలబడి నవ్వాడు. "గట్టి ఫోనే!"

ఫణీంద్రకీ నవ్వాగలేదు. ఆ పేరు పక్కన సిగ్నల్ ఒక గీత ఉంది. చూస్తుండగానే రెండయ్యాయి. గట్టు మీద కప్పలు ఒక్కసారిగా అరుపు మానేశాయి. మూడో గీత వెలిగింది.

"గీతలెందుకు పెరుగుతున్నాయయ్యా?"

"రూటరు దగ్గరికొస్తే పెరుగుతాయండీ."

జగ్గారావు ముఖం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. "మరి నాలుగోది ఎక్కడికొస్తే పడుద్ది?"

"ఈ గుమ్మం దగ్గరికండీ."