మా ఇంట్లో వలస

వలసల మీద పరిశోధన చేస్తున్నానంటూ ఒక అమ్మాయి కాగితాలు పట్టుకుని వచ్చింది. ఆ లెక్క చూసే ప్రభుత్వం పథకాలు వేస్తుందట.

“ఈ ఇంట్లో వలసవాళ్ళెవరూ లేరు. నేను పుట్టింది ఈ గదిలోనే. గోడ కట్టింది మా నాన్న, సున్నం వేసింది నేను,” అన్నాను గట్టిగా.

అమ్మాయి కాగితం మడుస్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. “నన్ను రాసుకో తల్లీ. మా పుట్టిల్లు రెండు రోజుల ప్రయాణం.”

“నువ్వు వలసేమిటే, నా పెళ్ళానివి!”

“పెళ్ళయి వచ్చినా వలసే తాతగారూ,” అంది అమ్మాయి. “ఇక్కడికొచ్చాక అభివృద్ధి ఏమైనా జరిగిందా బామ్మగారూ?”

మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “ఈయన కాస్త బాగుపడ్డాడు. తిన్న కంచం తనే కడుగుతున్నాడు.”

“తిరిగి వెళ్ళిపోయే ఆలోచన ఉందా?”

నలభై ఏడేళ్ళుగా ఆ మాట అడిగే ధైర్యం నాకు రాలేదు. మా ఆవిడ నా చొక్కాకి తప్పుగా పెట్టుకున్న బొత్తాం సరిచేసింది.

“ఎలా వెళ్తానమ్మా? ఈయన్ని బాగుచెయ్యడం ఇంకా సగంలోనే ఉంది.”

ఆ పని పూర్తయితే నా కొంప మునిగినట్టేనని అర్థమైంది. వెంటనే, “టీ ఏదే?” అని ఇల్లదిరిపోయేలా ఒక్క కేక పెట్టాను.