డీజిల్ ట్యాంకులో ఎర్రగుడ్డ

పటేల్‌గూడ దాటగానే వ్యాను మూడోసారి ఆగిపోయింది.

వెనక మూడు వందల మందికి భోజనం. మూతలు కదలకుండా సాంబారు డేక్షాలకు గుడ్డలు కట్టి మరీ ఎక్కించింది నాగరత్నం.

బొల్లారంలోని ఒక మందుల కంపెనీలో ఈరోజు ఆమె వంటకు పరీక్ష. నెగ్గితే ఏడాది పాటు క్యాంటీన్ ఆమెది. ఆమెతో కలిసి వండే పన్నెండు మంది ఆడవాళ్లకు రోజూ పని.

"పన్నెండున్నరకు వడ్డన మొదలవ్వాలి. ఆలస్యమైతే పాత కాంట్రాక్టరునే ఉంచేస్తాం," అని మేనేజరు ముందే చెప్పాడు.

పదకొండు ఇరవై అయింది.

"కొత్త ఫిల్టర్ ఏసిన. పంపు మార్పిచ్చిన. ఇగ దీని బతుకు గింతే!" డ్రైవర్ దశరథ్ టైరును తన్నాడు.

"తన్నింది చాలు, స్టార్ట్ చెయ్యి."

"పది నిమిషాలు ఆగాలె అమ్మా. గప్పుడే ఐతది."

మోపెడ్ మీద పోతున్న ఒక పెద్దాయన పక్కన ఆపాడు.

"ఏమైంది తమ్మీ?"

"ఏం లేదు, మీరు వెళ్లండి. మెకానిక్ వస్తున్నాడు," అంది నాగరత్నం. ఆగిన బండి చుట్టూ చేరి సలహాలిచ్చే వాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట.

"ఎంత సేపట్ల వస్తడు?"

"గంట," అన్నాడు దశరథ్, ఆమె ఉరిమి చూస్తున్నా.

"జెర దూరం పోతది, ఆగుతది. పది నిమిషాలైతే మళ్ల స్టార్ట్ ఐతది. గంతేనా?"

"నీకెట్ల ఎరుక కాకా?"

"ట్యాంకుల చెత్త ఉన్నది. ఇంజన్ గుంజుతుంటే వచ్చి గొట్టానికి అడ్డం పడ్తది. బందైతే కిందికి జారుతది. నాకు గిసొంటి బండే ఉండె, మస్తు సతాయించింది."

ఆయన వంగి ట్యాంకు చూశాడు. మూత లేదు. మూతిలో ఎర్రగుడ్డ కుక్కి ఉంది.

"ఇదేంది?"

"మూత పోయిందని... ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుడ్డ కాకా. రక్షణ ఉంటదని," నసిగాడు దశరథ్.

"బండి కడుగుతరా?"

"ప్రతి శుక్రవారం, పైపు పెట్టి," అంది నాగరత్నం గర్వంగా.

"మంచిగుంది. అమ్మవారికి డీజిల్ తాపుతున్నరు, బండికి నీళ్లు తాపుతున్నరు."

దశరథ్ నవ్వాడు. నాగరత్నం నవ్వలేదు.

ఆయన ఫిల్టర్ అడుగు మర వదులు చేసి, కారింది గాజు గ్లాసులో పట్టాడు. అడుగున నీళ్లు, పైన డీజిల్. ట్యాంకులోంచి వచ్చే గొట్టం ఊడదీస్తే దాని మూతికి ఎర్ర దారపు పోగులు, ముద్దగా.

నాగరత్నం తల దించుకుంది. తన శుభ్రమే తన కొంప ముంచింది.

"ట్యాంకు దించి కడిగే టైం లేదు. ఏడికి పోవాలె మీరు?"

ఆమె కంపెనీ పేరు చెప్పింది. "టైముకు చేరితే అక్కడి క్యాంటీన్ మాదే."

స్పానర్ పట్టిన చెయ్యి ఆగింది. ఆయన డేక్షాల వైపు ఒకసారి చూశాడు.

"ఎందరు వండిండ్రు?"

"పన్నెండు మంది. అందరి ఆశా దీని మీదే."

"ఆ మంచినీళ్ల క్యాను వంచెయ్ అమ్మా. లోపల తుడువు. ఒక్క చుక్క ఉండొద్దు."

ఆమె తుడిచింది. ఆయన వేలు పెట్టి చూసి తలూపాడు. తుడవడంలో ఆమెకు వంక పెట్టగలిగినవాళ్లు ఇంతవరకూ లేరు.

మోపెడ్ మీద బంకుకు పోయి క్యాను నిండా డీజిల్, ఒక కొత్త పైపు తెచ్చాడు. క్యానును డ్రైవరు పక్కన ఎత్తుగా కట్టి, పైపును నేరుగా పంపుకు బిగించాడు. బుడగలు ఆగేదాకా గాలి తీశాడు.

"కొట్టు తమ్మీ!"

ఇంజన్ గర్జించింది.

"ఇగ ఆగది. జల్దీ పోండ్రి!"

నాగరత్నం పరుగున ఎక్కింది. పేరు అడగలేదు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

కొత్త బండిని ఆ గేటు దగ్గర పావుగంట సోదా చేస్తారని విన్నది. పన్నెండు ఇరవై రెండుకు చేరేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. లోపలికి వదిలే చీటీ సిద్ధంగా పట్టుకుని వాచ్‌మన్ పాండు చెయ్యి ఊపాడు.

"రాండ్రి, రాండ్రి!"

పన్నెండున్నరకు మొదటి వరుసకు పొగలు కక్కే అన్నం పడింది. గోంగూర పప్పు రెండోసారి అడగనివాడు లేడు. "అక్కా, రేపు కూడా ఇదే చెయ్యి!" అని ఒక కుర్రాడు కేకేస్తే హాలంతా బల్లలు చరిచింది.

మేనేజరు కాగితం మీద సంతకం చేసి చేతికిచ్చాడు. నాగరత్నం వంటింటికి ఫోన్ చేసింది. అవతల పన్నెండు గొంతులు ఒక్కసారే అరిచాయి.

"మా చీటీ ముందే రాసి ఉంచారు, చాలా మేలు చేశారు సార్," అంది కళ్లు తుడుచుకుంటూ.

"నేను కాదమ్మా. పదకొండేళ్లుగా ఈ క్యాంటీన్ నడిపిన శ్రీశైలం, 'ఆమె బండి తోవల ఆగితే బాగు చేసి పంపిన, గేటుకాడ ఆపకుండ్రి' అని ఫోన్ చేశాడు. మీరు రాకపోయుంటే ఈ సంతకం ఆయన కాగితం మీద పెట్టేవాణ్ని."