తేటగా ఉన్న ఆరు గొట్టాలు

“పలచన చేసి చూశారా, అమ్మా?”

కిటికీ అవతలి నుంచి మళ్ళీ అదే ప్రశ్న.

మేడమ్‌కు ఒళ్ళు మండింది. పొద్దున్నుంచి అసలే ఆమె మనసు బాగాలేదు.

కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, సోకిన పిల్లలకిచ్చే మందు తయారయ్యేది ఆ ల్యాబులోనే. గుర్రం నెత్తురు నుంచి తీసిన ఆ మందుకు బలమెంతో తేల్చడం మేడమ్ పని. ఆరు గాజు గొట్టాల్లో ఆ జబ్బు క్రిముల నుంచి తీసిన విషం ఒకే కొలతలో పోస్తుంది. ఒక్కోదానిలో మందు కొంచెం కొంచెం పెంచుతూ కలుపుతుంది. వేడినీళ్ళ తొట్టిలో నిలబెడుతుంది. ఏ గొట్టంలో ముందుగా తెల్లటి తరకలు కడితే, దాన్నిబట్టి లెక్క.

ఈ రోజు ఆరు గొట్టాలూ తేటగానే ఉన్నాయి. మంచినీళ్ళలా.

కిటికీ అవతల, ఆస్పత్రులవాళ్ళు మందుకోసం కూర్చునే బల్ల ఉంది. వారానికి మూడు రోజులు పెద్దాయన ఒకడు వచ్చి దాని మీద కూర్చుంటాడు. ఎవరి తాలూకో తెలియదు. మందు అడగడు. అడిగేది ఆ ఒక్క మాటే.

అందరూ కలిసి ఆయనకు ‘పలచన తాత’ అని పేరు పెట్టేశారు.

“తాతగారూ, మీరేమన్నా డాక్టరా?” విసురుగా అడిగింది మేడమ్.

“కాదమ్మా.”

“అయితే మా పని మాకు నేర్పకండి.”

ఆయన నొచ్చుకోలేదు.

“తరకలు కట్టకపోతే బలం లేదనే అనుకోకూడదమ్మా. బలం మరీ ఎక్కువైనా కట్టవు. విషానికి సరిజోడుగా మందు పడితేనే రెండూ కలిసి ముద్ద కడతాయి.”

ఆ సంగతి ఆమె ఎప్పుడో పుస్తకంలో చదివింది. పదేళ్ళ ఉద్యోగంలో ఒక్కసారీ చూడలేదు. పైగా ఈసారి నెత్తురు తీసిన గుర్రానికి పోయిన నెల జ్వరం. మందు పలచబడే ఉంటుందని పెద్ద డాక్టరు కూడా ముందే అన్నాడు.

కిటికీ తలుపు వేసేసింది.

టీ తెచ్చిన వాచ్‌మన్ గొంతు తగ్గించాడు.

“ఆయన్నేమీ అనకండి మేడమ్. కడుపుకోత మనిషి.”

“నీకెవరు చెప్పారు?”

“నేనే అడిగా ఓసారి. ‘కంఠసర్పితో ఒక పాప పోయింది, మందు అందలేదు’ అన్నాడు. అంతే, లేచి వెళ్ళిపోయాడు. ఇంక ఏమడుగుతాం?”

మేడమ్ టీ ముట్టుకోలేదు.

ఫోన్ మోగింది. ఆస్పత్రి నర్సు.

“మేడమ్, ముగ్గురు పిల్లలున్నారు. చిన్నదానికి ఊపిరాడటం లేదు. మందు ఎప్పుడు పంపుతారు?”

“ఈసారి తీసిన మందు పనికిరాదమ్మా. ఇంకో ఐదు వారాలు...”

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

మందు పారబోయడానికి కాగితం సిద్ధంగా ఉంది. సంతకం ఒక్కటే తక్కువ.

మేడమ్ కలం తీసింది. మళ్ళీ పెట్టేసింది.

‘సరే, ఆ ముసలాయన నస వదిలిపోతుంది’ అనుకుంటూ లేచింది. ఒక వంతు మందుకు మూడు వంతులు ఉప్పునీరు కలిపింది. కొత్తగా ఆరు గొట్టాలు పెట్టింది.

ఇరవై నిమిషాలకు మూడో గొట్టం మసకబారింది.

ఇంకో పది నిమిషాలకు అందులో తెల్లటి తరకలు తేలాయి.

లెక్క ఒకసారి వేసింది. నమ్మకం చాలక ఇంకోసారి వేసింది. ఎప్పుడూ వచ్చేదానికి నాలుగింతలు! పదేళ్ళలో అంత బలమైన మందు ఆ గదిలోకి రాలేదు.

పొద్దు వాలకముందే వ్యాను ఆస్పత్రికి బయలుదేరింది.

అప్పుడు గుర్తొచ్చి కిటికీ తెరిచింది. బల్ల ఖాళీగా ఉంది.

నాలుగో రోజు నర్సు ఫోన్ చేసింది. ముగ్గురూ పాలు తాగుతున్నారట. చిన్నది అప్పుడే అల్లరి మొదలుపెట్టిందట.

ఆ కబురు పెద్దాయనకు తన నోటితోనే చెప్పాలని మేడమ్ ఎదురుచూసింది. వారం గడిచినా ఆయన రాలేదు. వాచ్‌మన్ వాళ్ళనీ వీళ్ళనీ అడిగి చిరునామా పట్టుకొచ్చాడు.

రెండు గదుల ఇల్లు. తలుపు తీసిన పెద్దావిడ కళ్ళు వాచి ఉన్నాయి.

“మంగళవారం పోయారమ్మా. నిద్రలోనే.”

మేడమ్ గుమ్మంలోనే నిలబడిపోయింది. అలాగే నిలబడి గొట్టాల సంగతీ పిల్లల సంగతీ చెప్పింది.

“ఆ రోజు ఆయన్ని కసిరాను అమ్మగారూ. తన పాపను పోగొట్టుకున్న మనిషి, ఇంకొకరి బిడ్డ పోకూడదని అంతగా తాపత్రయపడ్డాడని తెలుసుకోలేకపోయాను.”

పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

“మాకు పిల్లలే లేరమ్మా. ముప్ఫై ఏళ్ళ కిందట మీరు కూర్చునే ఆ కుర్చీలోనే కూర్చుని, తరకలు కట్టలేదని మంచి మందును పారబోయమని సంతకం పెట్టింది ఆయనే.”