సూదితో ఎక్కించిన రంగు

తమ్ముడు అక్వేరియంలో లైటు వేసి, మీసం దువ్వుకున్నాడు.

"చూశావా అక్కా! ఈ చేపలు పుట్టుకతో గాజుముక్కల్లా ఉంటాయి. లోపలి ముల్లు కూడా కనిపిస్తుంది. అలా ఉంటే ఎవడు చూస్తాడు? అందుకే సూదితో గులాబీ రంగు ఎక్కించి అమ్ముతారు."

"ఒకటి వెల్లకిలా తేలిందిరా," అన్నాను.

"సగం పోతాయిలే. మిగిలినవి మెరుస్తాయిగా!"

ఇంత తెలివి దేవుడు వీడొక్కడికే ఎందుకు ధారపోశాడో.

మేనకోడలు చనిపోయిన చేపను వలతో తీసింది. "సూది గుచ్చితే బాగా నొప్పెడుతుందా అత్తా?"

"చీమ కుట్టినట్టే!" నాకంటే ముందు వాడే నవ్వుతూ అందుకున్నాడు. "రేపటి నుంచే నీకు క్లినిక్‌లో తెల్లబడే ఇంజెక్షన్లు. పెళ్లివారు వచ్చేలోగా అన్నీ పూర్తవ్వాలి."

నేను చేతిలోని జపమాలను సంచిలో వేసుకుని లేచాను.

"బట్టలు సర్దుకోవే తల్లీ, నాతో వచ్చెయ్. మీ నాన్నకి చేపలు చాలు."