డాక్టరుగారి గుండె దడ

నేరేడుచెట్టు తొర్రలో ఎప్పుడో ఒక పండు రాలిపడేది. దానికోసం ఓ కోతి తిండీతిప్పలూ మానేసి, రోజంతా అందులో చెయ్యి పెట్టి వెతికేది.

మానుకి చెవి ఆనించి పురుగు జాడ పట్టే వడ్రంగిపిట్ట డాక్టరుగారు కోతి గుండె విన్నారు. పండు దొరికాక కాదు, చెయ్యి పెట్టేటప్పుడే అది దడదడలాడుతోంది! వెంటనే తొర్ర నిండా పళ్ళు పోయించారు. చెయ్యి పెట్టినప్పుడల్లా పండు దొరికేసరికి, కోతి నాలుగోసారికే ఆవలించి వెళ్ళిపోయింది.

"మందు దొరికింది! ఇంకొక్క కోతిని చూస్తే రుజువైపోతుంది" అన్నారు డాక్టరుగారు. అలా అంటూనే తిండీతిప్పలూ మానేసి ముప్ఫై కోతుల్ని చూశారు.

మొదట నయమైన కోతి పలకరించడానికొచ్చి, "ఇంకొక్కటే..." అంటున్న ఆయన గుండెకి చెవి ఆనించింది. దడదడలాడుతోంది.

"మీరిక్కడే కూర్చోండి డాక్టరుగారూ" అంది కోతి. "అడవిలో కోతులన్నిటినీ ఒక్కసారే పిలుచుకొస్తాను."