అలమారలో దవడ

“పన్ను సంగతి చెప్పు. ఛాతి సంగతి ఎత్తకు,” అంది నాగమణమ్మ, కోడలి మణికట్టు వదలకుండా.

శాలిబండలో పళ్ల డాక్టరు అమరనాథ్ గది మేడమీద ఉంది. అత్తా కోడలూ మెట్ల కిందే ఆగిపోయారు. రాజమణి చెంప వాచి ఒక కన్ను సగం మూసుకుపోయింది. వారంరోజులుగా గంజి తప్ప ఏదీ గొంతు దిగడం లేదు. ఖాళీ కడుపున టీబీ గోలీలు వేసుకుంటే వేసుకున్నవి వేసుకున్నట్టే వాంతి. నాలుగు నెలలు క్రమం తప్పకుండా మింగిన మందు ఈ పన్ను మూలంగా ఆగిపోయేలా ఉంది.

“పండ్ల డాక్టరుకు ముందుగాల చెప్పాలన్నరు గద అత్తమ్మా దవాఖానల. కాయిదం సుత రాసిచ్చిన్రు.”

“చెప్తే మెట్ల మీదినుంచే ఎల్లగొడ్తడు. తెల్లారేటాల్లకు గల్లీ అంత తెలుస్తది. నయాపూల్‌కు పోదామంటే ఇంటివా? నా పండ్ల సెట్టు ఆడనే కట్టించిన. నీకు, నీ మొగనికి ఈ దగ్గరి దుకాణమే కావాలె.”

మాట్లాడుతుంటే ఆమె కట్టుడు పైపళ్లు బియ్యపు గింజల వరుసలా మెరిశాయి. కిందివి మాత్రం సొంతవే. ముందరి రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి, కత్తెర వేసినట్టుంటాయి.

“నువ్వు సుత పైకి రారాదు?”

“ఆ మందుల వాసన నాకు పడదు. పిల్లను పట్టుకొని ఈడనే కూసుంట.” నాగమణమ్మ పొగాకు తుంపి దవడన పెట్టుకుంది.

మూడేళ్ల కమల తల్లి వైపు రెండడుగులు వేసింది. నాయనమ్మ కొంగుతో చుట్టి వెనక్కి లాక్కుంది. “పోకే. మీ అమ్మ ఊపిరి తాకుతది.”

నాలుగు నెలలుగా ఇదే మాట. రాజమణి గ్లాసు వేరు, కంచం వేరు, పక్క వేరు. పిల్ల నాయనమ్మ దుప్పట్లోనే పడుకుంటుంది. రాజమణి కొంగు బిగించి మెట్లెక్కింది.

పైన డాక్టరు ఒక్కడే ఉన్నాడు. గోడవారన అద్దాల అలమారలో తెల్లటి ప్లాస్టర్ దవడలు నోళ్లు తెరుచుకుని వరుసగా కూర్చున్నాయి. కుర్చీలో ఎటు తిరిగినా అవే కనిపిస్తున్నాయి.

“బీమారీలు ఏమన్న ఉన్నయా అమ్మా?”

“లేవు సార్.”

“గోలీలు ఏమన్న మింగుతున్నవా?”

“లేదు సార్.”

డాక్టరు ఆమె నోట్లోకి వంగాడు. “ఓదెలూ, జర లైటు ఇటు.”

లైటు కదల్లేదు. రాజమణి కళ్లు తిప్పి చూసింది. కుర్చీ పక్కన ఖాళీ స్టూలు, దాని మీద మడత చెదరని తెల్లకోటు. మనిషెవరూ లేరు. డాక్టరు కాసేపు అలాగే చెయ్యి చాచి ఉండి, తర్వాత తనే లైటు లాక్కున్నాడు.

“పుక్కిలించి ఊంచు.”

ఎనామిల్ గిన్నెలో నీళ్లు నారింజరంగుగా పడ్డాయి. డాక్టరు గిన్నె ఎత్తి కిటికీ వెలుతుర్లో చూశాడు.

“ఇది రక్తం గాదు, టీబీ గోలీ రంగు. ఎర్ర గోలీ ఎన్ని నెలల సంది మింగుతున్నవ్?”

రాజమణికి లేచి పోదామనిపించింది. “నాలుగు,” అంది. “ఎల్లగొట్టకుండ్రి సార్. తినకపోతే మందు నిలుస్తలేదు.” రవికెలో దాచిన కాయితం తీసి ఇచ్చింది.

ఆయన చివరిదాకా చదివాడు.

“తెమడల పురుగులు ఏం లేవని రాసిన్రు. ఇగ నీతోని భయం లేదు, పన్ను తీస్త. గని గిట్ల దాస్తే ఎట్లమ్మా? నేనిచ్చే నొప్పి గోలీ, నీ గోలీలు కలిసి కార్జం ఖరాబ్ చేస్తే ఎవలు జిమ్మేదారి?”

మూతికి గుడ్డ కట్టుకుని సూది ఇచ్చాడు. పన్ను ఊడివచ్చాక దూది పెట్టి కొరికి పట్టమన్నాడు. చేతులు కడుక్కుంటూ స్టూలు వైపు చూశాడు.

“గది ఓదెలుది. నా కంపౌండరు. లైటు పట్టేటోడు. ఐదేండ్ల కింద ఒకామె పండ్ల సెట్టుకని నెల దినాలు తిరిగింది. మస్తు దగ్గేది. ఏందమ్మా అంటే పొగాకు ఘాటు అనేది. ఆఖరునాడు ఈ గిన్నెలనే రక్తం ఊంచింది. అది పంటి రక్తం గాదు, ఆనాడు నేను పన్నే ముట్టలే. సెట్టు తీస్కొని పోయింది, మల్ల రాలే. వెతుక్కుంట పోతే, రాయించిన పేరు అబద్ధం, ఇల్లు అబద్ధం. రెండేండ్లల్ల ఓదెలు దగ్గి దగ్గి పోయిండు. నా నోరు మాత్రం ఇంక ఆన్ని పిలుస్తనే ఉంటది.”

రాజమణి దూదిని గట్టిగా కొరికిపట్టింది.

“నీకు ఎవలతోని అంటింది?”

ఆమె దూదిని నాలుకతో పక్కకు తోసింది. “నేనే తల్లిగారింటి నుంచి తెచ్చిన్నంటది మా అత్త.”

“అంటది. అనేటోల్లు గట్లనే అంటరు.” ఆయన అలమార తెరిచాడు. “ఆ దగ్గేటామెకు పై సెట్టు కుదరాలని తీసిన కింది పండ్ల అచ్చు మాత్రం పారెయ్యలే. కాయిదం మీద పేరు మారుస్తరు గని, నోట్ల పండ్లు ఎట్ల మారుస్తరు? ఎప్పుడన్న ఎవలన్న గుర్తువడ్తరని ఉంచిన.”

తెల్లటి కింది దవడ ఒకటి ఆమె అరచేతిలో పెట్టాడు. చల్లగా, బరువుగా ఉంది. ముందరి రెండు పళ్లూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కత్తెర వేసి ఉన్నాయి.

రాజమణి దాన్ని పట్టుకునే కిటికీ దగ్గరికి నడిచింది. కింద మెట్ల మీద నాగమణమ్మ, ఎండ తగలకుండా కొంగు తలమీదుగా కిందికి లాక్కుని, పిల్లను అందులోకి తీసుకుని కూర్చుంది. ఇద్దరి మొహాలూ కనిపించడం లేదు.

కొంగు లోపల నుంచి, ఇంట్లో ఆరేళ్లుగా వింటున్న పొగాకు దగ్గు వచ్చింది. దాని వెనకే, అచ్చం అలాగే, చిన్న దగ్గు.